మాటలు పాపవేనా?

ప్రశ్న: అక్కా, నేనూ మా 11 ఏళ్ల పాపా కలిసి తోలుబొమ్మలాట ఆడుతున్నాం. బొమ్మలు నావి, మాటలు తనవి. కొందరేమో "అంతా నాన్నే రాసిచ్చుంటాడు" అంటున్నారు. ఇంకొందరు "చిన్నపిల్ల కదా, బాగుంది" అని వెళ్లిపోతున్నారు. పాప డీలా పడుతోంది. ఏం చేయాలి?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: తమ్ముడూ, "చిన్నపిల్ల కదా" అనే మెచ్చుకోలు నాకు అస్సలు నచ్చదు. అది ఆటను చూసి అన్నది కాదు, వయసును చూసి అన్నది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట మీకు తెలిసే ఉంటుంది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ కళలో ఇంటిల్లిపాదీ తెర వెనకే ఉంటారు. ఒకరు పాడతారు, ఒకరు బొమ్మను ఆడిస్తారు, కాళ్ల కింద చెక్కలు తొక్కి చప్పుడు చేస్తారు. ఎవరేం చేశారో ముందున్నవాళ్లకు కనపడదు. అనుమానం అక్కడే పుడుతుంది.

అందుకే ఆట అయ్యాక కాసేపు తెర పక్కకు లాగండి. మేకతోలు బొమ్మను దీపానికి అడ్డంపెట్టి, చిన్న ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి వెలుగెలా వస్తుందో మీరు చూపించండి. ఆటలో నవ్వించే పాత్ర కేతిగాడి మాటలు ఎలా తట్టాయో పాపను చెప్పనివ్వండి. తను తడబడినా మీరు అందుకోవద్దు.

ఇంకోటి. ముందు వరుసలో చాప మీద కూర్చున్న పిల్లల్ని గమనించమనండి. ఇంకో హాస్యపాత్ర బంగారక్క కేతిగాడిని తిట్టేటప్పుడు నవ్వారా, పక్కవాడితో కబుర్లలో పడ్డారా? ఎవరు రాశారన్నది వాళ్లకు పట్టదు, కాబట్టి వాళ్ల నవ్వునే నమ్మొచ్చు. నవ్వు రాని చోట మాట తనే మార్చుకోవాలి, మీరు మార్చి ఇవ్వకండి. పోస్టర్ మీద మాత్రం "మాటలు" అని పాప పేరు, "బొమ్మలు" అని మీ పేరు విడివిడిగా వేయించండి.