విశాఖ మీద దాడి చేసిన ఫ్రెంచ్ నౌక 'మరెంగో' చివరికి ఏమైంది?

చిన్నగా చెప్పాలంటే, బ్రిటిష్ వాళ్లకు చిక్కి ఖైదీల ఓడగా మారింది. కథ మాత్రం అంత చిన్నది కాదు.

74 ఫిరంగుల ఈ తెరచాప నౌక 1795లో ఫ్రాన్స్‌లోని తూలోన్‌ రేవులో 'జాన్-జాక్ రూసో' పేరుతో నీటిలోకి దిగింది. ఇటలీలోని మరెంగో దగ్గర నెపోలియన్ గెలిచిన తర్వాత, 1802లో ఆ పేరు పెట్టారు. మరుసటి ఏడాది అడ్మిరల్ లిన్వా దీన్ని తీసుకుని పాండిచ్చేరికి బయల్దేరాడు.

1804 ఫిబ్రవరిలో మలక్కా జలసంధి దగ్గర, పులో ఔరా దీవి సమీపంలో, చైనా నుంచి వస్తున్న ఈస్టిండియా కంపెనీ వర్తక ఓడలు ఎదురయ్యాయి. వాటికి తోడుగా ఒక్క యుద్ధనౌక కూడా లేదు! కొన్ని ఓడలు బ్రిటిష్ నౌకాదళ జెండాలు ఎగరేసి బుకాయించేసరికి లిన్వా నిజమేననుకుని వెనక్కి తగ్గాడు. అంత సరుకు చేతికందినట్టే అంది జారిపోయింది.

అదే ఏడాది సెప్టెంబరు 15న రెండు ఫ్రిగేట్లతో (వేగంగా కదిలే చిన్న యుద్ధనౌకలు) విశాఖపట్నం రేవు మీద పడ్డాడు. అక్కడ 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక 'సెంచూరియన్' ఉంది, దాని కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. అయినా అది లోతు తక్కువ చోటికి జరిగి నిలబడింది. బరువైన మరెంగో అంత దగ్గరికి రాలేకపోయింది. ఫ్రెంచ్ వాళ్లకు దక్కింది 'ప్రిన్సెస్ షార్లెట్' అనే ఒక్క వర్తక ఓడే. నా దృష్టిలో ఇది గెలుపు కాదు.

1806 మార్చి 13న, ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్తుండగా అట్లాంటిక్‌లో మరెంగో బ్రిటిష్ వాళ్లకు పట్టుబడింది. 1816లో విప్పేశారు.