న్యూజెర్సీలో మొదటి స్పీడింగ్ టికెట్: కోర్టులో ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

గంటకి 35 మైళ్ళ పరిమితి ఉన్న రోడ్డు మీద 52తో వెళ్ళారని టికెట్ రాశారు, ఇదే మీకు మొదటిది, హెచ్-1బీ వీసా మీద ఉన్నారు, కోర్టు తేదీ దగ్గర పడుతోంది. ఆఫీసుకి లేటవుతోందని, వెనక కారు మరీ దగ్గరగా వచ్చిందని జడ్జికి వివరంగా చెబితే వదిలేస్తారా అని అడిగారు. వదలరు. పైగా ఆ వివరణే మీ మీదకి తిరగొచ్చు. నా సొంత టికెట్ కోసం, తర్వాత మా బాబాయికి తోడుగా ఇక్కడి మున్సిపల్ కోర్టుకి వెళ్ళినదాన్ని కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తున్నాను. నేను లాయర్ని కాదు, ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

మనకి ఒక అలవాటు ఉంది. ఊళ్ళో ట్రాఫిక్ పోలీసు ఆపితే ముందు కారణం చెబుతాం, తర్వాత ‘ఈ ఒక్కసారికి వదిలేయండి సార్’ అంటాం. కారణం చెప్పడం మనకి మర్యాద. ఇక్కడ కోర్టులో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. ‘52 కాదండీ, 45తోనే వెళ్ళాను’ అన్నారంటే, పరిమితి 35 కాబట్టి, వేగంగా వెళ్ళానని మీరే ఒప్పుకున్నట్టు. లేటవుతోందని తొందరపడ్డాను అన్నా అంతే. ఏ కారణమూ చెప్పకండి. అడిగినదానికి జవాబు చెప్పి ఆగండి.

ముందు మీకు ఏది ముఖ్యమో తేల్చుకోండి. చాలామంది జరిమానా గురించి టెన్షన్ పడతారు, అసలు చూడాల్సింది పాయింట్లు, అంటే తప్పుని బట్టి మీ డ్రైవింగ్ రికార్డులో పడే మార్కులు. న్యూజెర్సీలో పరిమితికి మించి 14 మైళ్ళ వరకు వెళ్తే 2 పాయింట్లు, 15 నుంచి 29 వరకు 4, 30 గానీ అంతకు మించి గానీ అయితే 5. మీది 17 ఎక్కువ, కాబట్టి 4. మూడేళ్ళలో 6 పాయింట్లు చేరితే రాష్ట్రం సర్‌చార్జి వేస్తుంది: 150 డాలర్లు, 6 దాటిన ప్రతి పాయింటుకీ ఇంకో 25, అదీ మూడేళ్ళపాటు ఏటా. ఇన్సూరెన్సు పెరిగేది వేరే. టికెట్‌ని ఆన్‌లైన్‌లో కట్టేస్తే పని అయిపోతుంది గానీ, అలా కట్టడమంటే గిల్టీ అని ఒప్పుకోవడమే, 4 పాయింట్లూ రికార్డులో పడతాయి. ఇంకో చిన్న టికెట్ వచ్చిందంటే 6కి చేరిపోతారు.

అందుకని, టికెట్ మీద రాసిన గడువు లోపల నాట్ గిల్టీ అని కోర్టుకి తెలియజేయండి. మా బాబాయికి ఇక్కడే మనసొప్పలేదు. ‘వేగంగా వెళ్ళిన మాట నిజమే కదమ్మా, కోర్టులో అబద్ధం ఎలా చెప్పను’ అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, మీకూ అలాగే అనిపిస్తూ ఉండొచ్చు. ఇందులో అబద్ధం లేదు. ఈ రాష్ట్రంలో ట్రాఫిక్ టికెట్‌ని కూడా సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూటర్‌దే. ఆ రుజువు అడగడం మీ హక్కు. మీరు ప్రమాణం చేసి ఏ సాక్ష్యమూ చెప్పడం లేదు.

అసలు మాటలు జడ్జితో కాదు, ప్రాసిక్యూటర్‌తో. జడ్జి పిలవకముందే ఆయనతోనో ఆవిడతోనో కాసేపు మాట్లాడే అవకాశం వస్తుంది. కొన్ని కోర్టుల్లో ఇది జూమ్‌లో జరుగుతుంది, కొన్నిచోట్ల గది బయట వరుసలో నిలబడాలి. వాళ్ళ దగ్గర ఆ రోజు ఫైళ్ళు బోలెడు ఉంటాయి. మీరు చెప్పాల్సింది ఇంతే: ‘ఇది నా మొదటి టికెట్. నా డ్రైవింగ్ రికార్డు ఇదిగో. పాయింట్లు లేనిదానికి మార్చే వీలుందా?’ ఆ రికార్డుని డ్రైవర్ అబ్‌స్ట్రాక్ట్ అంటారు, మోటార్ వెహికల్ కమిషన్ దగ్గర 15 డాలర్లకి దొరుకుతుంది. ముందే తెచ్చుకోండి. మన మాట కన్నా ఆ కాగితం ఎక్కువ పని చేస్తుంది. టికెట్ రాసిన ఆఫీసర్ దురుసుగా మాట్లాడాడని మాత్రం అక్కడ ఎత్తకండి. ఒప్పందానికి ముందు ప్రాసిక్యూటర్ ఆయన్ని కూడా అడగొచ్చు.

రికార్డు శుభ్రంగా ఉన్నవాళ్ళకి తరచుగా ఇచ్చే ఒప్పందం ‘అన్‌సేఫ్ డ్రైవింగ్’, చట్టంలో 39:4-97.2. మొదటిసారికీ రెండోసారికీ దీనికి పాయింట్లు లేవు. మొదటిసారి జరిమానా 50 నుంచి 150 డాలర్లు, దాని మీద 250 డాలర్ల సర్‌చార్జి, కోర్టు ఖర్చులు వేరు. అంటే అసలు టికెట్ కన్నా జేబుకి బరువే. నాకూ ఇదే ఇచ్చారు, ఒప్పుకున్నాను. రికార్డు శుభ్రంగా ఉండటం ఆ డబ్బు కన్నా ముఖ్యమని నా ఉద్దేశం. అలా కాకుండా మీ స్పీడుని 14 మైళ్ళ లోపుకి తగ్గించి 2 పాయింట్లతో వదుల్తామంటే, రెండూ పక్కపక్కన పెట్టి లెక్క చూసుకోండి. ఆలోచించుకోవడానికి కొంచెం టైమ్ కావాలని అడగడంలో తప్పు లేదు.

ఒప్పందం కుదిరాక జడ్జి ముందుకి వెళ్తారు. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎవరైనా బలవంతం చేశారా, లాయర్ని పెట్టుకునే హక్కు ఉందని తెలుసా, ట్రయల్ హక్కు వదులుకుంటున్నారని అర్థమైందా అని జడ్జి ఒక్కొక్కటీ అడుగుతారు. తల ఊపకండి. మన ఊపు అవునో కాదో వాళ్ళకి తెలియదు, రికార్డింగ్‌లోనూ పడదు. ‘యెస్, యువర్ ఆనర్’, ‘నో, యువర్ ఆనర్’ అని పైకి వినపడేలా చెప్పండి. అర్థం కాకపోతే యెస్ అనకుండా మళ్ళీ చెప్పమని అడగండి. ఆ తర్వాత, ఆ రోజు ఏం జరిగిందని అడుగుతారు. నా కేసు రోజు నాకన్నా ముందు పిలిచిన ఒకాయన ఇక్కడ ‘నేనెప్పుడూ సేఫ్‌గానే నడుపుతానండీ, ఏ తప్పూ చేయలేదు’ అన్నాడు. తప్పు చేయలేదనే మనిషి దగ్గర గిల్టీ ప్లీ (తప్పు ఒప్పుకోలు) తీసుకోలేనని జడ్జి ఆయన్ని పక్కన కూర్చోబెట్టారు. పాపం, ఆయనకి ఎందుకో అర్థం కాలేదు. మనుషులకో ఆస్తికో ప్రమాదం కలిగేలా బండి నడపడమే ఆ అన్‌సేఫ్ డ్రైవింగ్ సెక్షన్. కాబట్టి ‘ఆ రోడ్డు మీద పరిమితికన్నా వేగంగా నడిపాను, దానివల్ల ఇతరులకి ప్రమాదం జరిగే అవకాశం ఉంది’ అని రెండు ముక్కల్లో చెప్పండి. నోరు మూసుకోవాల్సిన చోటు వేరు, ఒప్పుకోవాల్సిన చోటు ఇది. మీ టికెట్‌లో యాక్సిడెంట్ కూడా ఉంటే, ప్లీ చెప్పే ముందు ‘సివిల్ రిజర్వేషన్’ అడగండి. అది ఇస్తే, నష్టపరిహారం కేసులో మీ ఒప్పుకోలుని మీ మీద సాక్ష్యంగా వాడలేరు.

ఇంగ్లీషు ఆఫీసులో ఎంత బాగా మాట్లాడినా, కోర్టు ఇంగ్లీషు వేరు. మా బాబాయి ఊళ్ళో ఇంగ్లీషు మీడియం పిల్లలకి లెక్కలు చెప్పినవారు. ఇంటర్‌ప్రెటర్ ఎందుకు, నామోషీ అన్నారు. కోర్టుకి ముందే ఫోన్ చేస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ని ఉచితంగా ఏర్పాటు చేశారు. ఆయన మొహంలో ఆ రోజు కనబడ్డ నిమ్మళం చూశాక, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరికి టికెట్ పడినా ఇది అడగమని గట్టిగా చెబుతున్నాను. మీరు పక్కన నిలబడి అనువదిస్తానంటే కోర్టు మామూలుగా ఒప్పుకోదు.

ఒప్పందం నచ్చకపోతే ట్రయల్‌కి వెళ్ళొచ్చు. రాడార్ పరీక్షించిన పత్రాలు, ఆఫీసర్ శిక్షణ పత్రం ముందుగానే రాతపూర్వకంగా అడగాలి. ఆఫీసర్ రాకపోతే కేసు కొట్టేస్తారన్న మాట నమ్ముకుని వెళ్ళకండి, వాయిదా వేయడమూ జరుగుతుంది. అంతవరకూ వెళ్ళేట్టయితే లాయర్ని మాట్లాడుకోండి.

ఇన్సూరెన్సు కార్డు ఆ రోజు చూపించలేదని ఇంకో టికెట్ కూడా ఉందేమో చూసుకోండి. ఆ తేదీన ఇన్సూరెన్సు ఉన్నట్టు కాగితం చూపిస్తే జడ్జి దాన్ని కొట్టేయొచ్చు. ఇన్సూరెన్సే లేకుండా నడిపారన్న కేసు మాత్రం చాలా పెద్దది, దానికి ఒంటరిగా వెళ్ళకండి.

మీరు హెచ్-1బీ మీద ఉన్నారు కాబట్టి ఇంకొక్కటి. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400లో పోలీసులు ఎప్పుడైనా సైటేషన్ (ఇలాంటి టికెట్) ఇచ్చారా అని అడుగుతారు. కేసు ముగిశాక కోర్టు క్లర్క్ దగ్గర తుది తీర్పు కాగితం అడిగి తీసుకుని, కట్టిన రసీదుతో కలిపి స్కాన్ చేసి ఐ-797లు (ఇమిగ్రేషన్ నోటీసులు) పెట్టుకునే ఫోల్డర్‌లోనే ఉంచండి. ఒక్కసారిగా డబ్బు కట్టలేకపోతే వాయిదాల్లో కట్టే వీలుందా అని ఆ రోజే జడ్జిని అడగండి.