నాన్నగారి పద్మినికి డిస్క్ బ్రేకులు: ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. టీచరుగా రిటైరై నాలుగేళ్లయింది. మా నాన్న 1978లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా నడుస్తోంది. ఆదివారాలు భద్రకాళి గుడికి, రెండేళ్లకోసారి మేడారానికి దాంట్లోనే వెళ్తాం. ఈ మధ్య బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. ముందు చక్రాల డ్రమ్ములు తీసేసి డిస్క్ బ్రేకులు వేద్దామని మెకానిక్ అంటున్నాడు, 85 వేలు అడిగాడు. ఎలాగూ షెడ్డులో పెడుతున్నాం కదా అని 1 లక్షా 20 వేలతో పెయింట్ కూడా వేయిద్దామనుకుంటున్నాను. మూడేళ్లకు వేసిన 4 లక్షల ఎఫ్‌డీకి ఇంకా ఏడు నెలలుంది. అది తీసేయాలా, మా ఆవిడ బంగారం మీద లోన్ తీసుకోవాలా?

జవాబు: సార్, ఎఫ్‌డీ తీయొద్దు, బంగారం పెట్టొద్దు. పెయింట్ మాట ఇప్పుడు పక్కన పెట్టండి. బ్రేకులు మాత్రం ఈ వారమే చూపించండి. అప్పటిదాకా గుడికి ఆటోలో వెళ్లండి.

బండి ఎడమకు లాగుతోందంటే కుడిపక్క బ్రేకు సరిగ్గా పట్టట్లేదేమో చూడాలి. డ్రమ్ము బ్రేకులో, చక్రంతోపాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు షూ అనే వంపు ముక్కలు ఒత్తుకుని బండిని ఆపుతాయి. ఆ షూలను ఆయిల్ ప్రెషర్‌తో నెట్టే వీల్ సిలిండర్ కారుతుండొచ్చు, పిస్టన్ బిగుసుకుపోయి ఉండొచ్చు, లోపల రబ్బరు పైపు ఉబ్బి ఆయిల్‌కు దారి మూసుకుపోయి ఉండొచ్చు, లేదా రెండు పక్కలా అడ్జస్ట్‌మెంట్ సమానంగా లేకపోవచ్చు. వీటిలో ఏదైనా డ్రమ్ము బ్రేకుల మీదే బాగయ్యేదే. డిస్కులు వేయాల్సినంత జబ్బు ఉందో లేదో డ్రమ్ములు విప్పి చూడకుండా ఎవరూ చెప్పలేరు. విప్పకముందే 85 వేలు చెప్పారంటే ఆ అంకెను నేను నమ్మను.

ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. మా ఇంట్లో అంబాసిడర్ ఉండేది. ఒకసారి నాలుగు చక్రాలకూ లైనర్లు, అంటే షూల మీద ఉండే అరిగే పట్టీలు, మార్పించాను. సిలిండర్లలో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులు కూడా మార్చేద్దామని మెకానిక్ అన్నాడు. అవి బాగానే ఉన్నాయి కదా, ఇప్పుడెందుకని నేనే వద్దన్నాను. మూడు నెలల తర్వాత కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి పోయి నేలకు తగిలింది. మళ్లీ తొక్కాను, మళ్లీ నేలకే. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, పక్కన మట్టిలోకి దించితే ఆగింది. దిగి చూస్తే వెనక కుడి టైరు లోపలి వైపు తడిసి నల్లగా మెరుస్తోంది. రబ్బరు కప్పు చిరిగి బ్రేక్ ఆయిలంతా అక్కడే కారిపోయింది. వెనక సీట్లో మా పిల్లలిద్దరున్నారు. నేను మిగిల్చినది కొన్ని వందలు.

ఒక్క చక్రం దగ్గర కారితే నాలుగు బ్రేకులూ ఎందుకు పోయాయంటే, పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో ఆ పాత బండ్లకు ఒకటే గది. ఎక్కడ కారినా ప్రెషర్ అంతా పోతుంది. రెండు గదులదైతే ఒక లైను పోయినా రెండోది పనిచేస్తుంది. మీ పద్మినిలో ఏది ఉందో ముందు అడగండి. ఒకటే గది అయితే, సరైన కొలత చూసి రెండు గదులది పెట్టించడమే మీరు చేయించగల అన్నిటికంటే మంచి అప్‌గ్రేడ్. నా మాట వింటే మొదటి డబ్బు దానికే పెట్టండి.

తర్వాత నాలుగు వీల్ సిలిండర్లకు కొత్త రబ్బరు కప్పుల కిట్లు లేదా కొత్త సిలిండర్లే, రబ్బరు పైపులన్నీ కొత్తవి, తుప్పు పట్టిన ఇనుప పైపులు కొత్తవి. లైనర్లు ఎప్పుడూ ఒకే ఇరుసుకు రెండు పక్కలా కలిపి మార్చాలి. డ్రమ్ముల లోపలి గోడను లేత్ మిషన్ మీద చెక్కించేటప్పుడు జాగ్రత్త. ప్రతి డ్రమ్ముకూ ఇంతకంటే ఎక్కువ తీయకూడదని ఒక హద్దు ఉంటుంది. అది దాటి పలచబడితే త్వరగా వేడెక్కి పగుళ్లు వస్తాయి. కొత్త లైనరు డ్రమ్ముకు సరిగ్గా అంటుతోందో లేదో తెలుసుకోవడానికి మీ దగ్గర ఉండే వస్తువే చాలు. డ్రమ్ము లోపల సుద్దముక్క రాసి, షూ ఆనించి అటూ ఇటూ కదిపి తీయండి. తెలుపు లైనరు పొడవునా అంటితే సరే. చివర్లకో మధ్యలోనో మాత్రమే అంటితే షూ గుండ్రం, డ్రమ్ము గుండ్రం కలవలేదన్నమాట, మళ్లీ సరిచేయమనండి. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, గాలి కొట్టనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి.

డిస్కులు చెడ్డవని నేననను. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది. అందుకే మేడారం జాతర రద్దీలో, దారిలో ములుగు దగ్గరి గట్టమ్మ గుడి దగ్గర పదేపదే తొక్కుతూ పోతే పట్టు తగ్గుతుంది. డిస్కుకు ఆ ఇబ్బంది చాలా తక్కువ. కానీ డ్రమ్ములో షూ తనంతట తానే డ్రమ్ముకు బిగుసుకునే గుణం డిస్కుకు లేదు. కాబట్టి కాలి బలాన్ని పెంచే బూస్టర్ కావాలి, మాస్టర్ సిలిండర్ మారాలి, ముందు వెనకల బ్యాలెన్స్ చూడాలి. ఇవన్నీ ఆ 85 వేలలో ఉన్నాయా? పైగా కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయిస్తే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. గుర్తుంచుకోండి, అరుగుదలకు, మెకానికల్ రిపేర్లకు మోటారు పాలసీ డబ్బు ఇవ్వదు.

ఇక డబ్బు సంగతి. డ్రమ్ముల పని మొత్తం వస్తువు వారీగా రాయించుకోండి, ఇద్దరు మెకానిక్‌ల దగ్గర. లెక్క కోసం 40 వేలు అనుకుందాం. ఎఫ్‌డీ ముందే తీస్తే బ్యాంకులు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తాయి. ఒక శాతమైతే 4 లక్షల మీద 29 నెలలకు సుమారు 9,700 రూపాయలు పోతాయి. అదే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్ని తీయకుండానే దాని మీద అప్పు, అడిగితే ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు. 8.5 శాతం అనుకున్నా 40 వేలకు ఏడు నెలలకు అయ్యేది 2 వేల లోపే. ఎఫ్‌డీ కదలదు, బంగారం బీరువాలోనే ఉంటుంది.

దీంతోపాటు ఈ నెలే నెలకు 1,500 రూపాయలు కట్టే ఒక ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి, దాన్ని బండి పేరు మీదే చూడండి. ఏడాదికి 18 వేలు. మీది 1,089 సీసీ ఇంజిన్ కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఏడాదికి, 2022లో పెట్టిన రేటు ప్రకారం, 3,416. జీఎస్‌టీతో 4 వేలు. 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10 వేలయింది. ఐదేళ్లకోసారి కాబట్టి ఏడాదికి 2 వేలు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. మిగిలిన 12 వేలల్లోంచి అది పోను తక్కినది బ్రేకులకు, సర్వీసుకు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయించాలి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలదాకా మరగదు, తేమ పట్టాక 140కే మరుగుతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి చేరి పెడల్ మెత్తబడుతుంది. ఈ పనంతా మే నెలలో, రోహిణి కార్తెకు ముందే పెట్టుకుంటే వానల్లో నిశ్చింతగా ఉంటారు.

ఇంకొకటి. 2028లో మీ బండికి 50 ఏళ్లు నిండుతాయి. 2021 నిబంధనల ప్రకారం చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అది తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప మామూలుగా తిప్పడానికి లేదు. భద్రకాళి గుడికి వెళ్లాలంటే మీకు అది పనికిరాదు.

పెయింట్ గురించి ఎఫ్‌డీ చేతికొచ్చాక మళ్లీ రాయండి. ఉత్తరంతోపాటు బ్రేకు పని బిల్లు కూడా పంపండి, చూస్తాను.