నవల రాస్తుంటే మా ఆయన అనుమానపడుతున్నారు

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నవంబర్ నెలంతా నవల రాసే ఛాలెంజ్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి చేరాను, ఇంట్లో చెప్పలేదు. అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఫోన్‌లో వాయిస్ టైపింగ్ చేస్తున్నాను. మొన్న మా ఆయన మంచినీళ్లకి లేచి, "నువ్వు లేకుండా నేను బతకలేను" అని నేను ఫోన్‌లో గుసగుసగా అనడం విన్నారు. అప్పట్నుంచి మాటల్లేవు. పైగా నవల్లో అత్త అచ్చం మా అత్తగారే. మానేయాలా?

జవాబు: మానొద్దమ్మా. చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి, కానీ ఆయన వైపు నుంచి చూస్తే నవ్వే విషయం కాదు. అర్ధరాత్రి చీకట్లో పెళ్లాం నోట ఆ మాట వింటే ఏ మొగుడికైనా గుండె జారిపోద్ది. ఆయన అరవలేదు, ఫోన్ లాక్కోలేదు, మాట మానేశారు, అంటే అడగడానికే భయపడుతున్నారని నాకనిపిస్తోంది, అందుకని ఆయన అడిగేదాకా ఆగకండి. ఈ రాత్రే ఆ పేజీ తెరిచి ఫోన్ చేతికివ్వండి, ఆ డైలాగ్‌కి ముందూ వెనకా నాలుగు లైన్లు చదివితే ఎవరు ఎవరితో అంటున్నారో తెలిసిపోద్ది.

నవలంతా మాత్రం ఇవ్వొద్దు. రాస్తున్నానని చెప్పడం వేరు, సగంలో ఉన్నది చదివించడం వేరు. "ఇది మనింటి గొడవే కదా" అన్న దగ్గర ఆయన ఆగిపోతారు, మీ కలం కూడా అక్కడే ఆగిపోద్ది. ఎందుకు దాచారో మీరు రాయలేదు గానీ, "ఏటి రాసి ఏటి సంపాదిస్తావు" అంటారనే కదా? అననివ్వండి, ఇప్పుడున్న అనుమానం కన్నా ఆ ఎకసెక్కమే నయం. చూపించాక కూడా రోజూ ఫోన్ చెక్ చేస్తాననో, ఉద్యోగం మానెయ్యమనో అంటే అది నవల గొడవ కాదు, అప్పుడు మళ్లీ రాయండి.

ఇక నిద్ర. నానోరైమో అనే ఈ పందెం 1999లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు 21 మందితో మొదలైంది, మరుసటి ఏడు నుంచి నవంబర్‌కి మార్చారు, అక్కడ వాతావరణం బాగోదు కాబట్టి ఇంట్లో కూర్చుని రాసుకుంటారని. మనకేమో నవంబరంటే కార్తీక మాసం, ఉపవాసాలు, దీపాలు, పల్లెల్లో కోతల హడావుడి. నెలలో 50,000 పదాలు రాయాలన్నది పందెం, అంటే రోజుకి 1,667, అదీ ఇంగ్లీషు లెక్క, వాళ్లకి నాలుగు మాటలు పట్టేది మనకి చాలాసార్లు ఒక్క మాటలో అయిపోద్ది. ఆ పందెం నడిపిన సంస్థే 2025లో మూసేస్తున్నామని చెప్పేసింది, ఇంక మిమ్మల్ని లెక్క అడిగేదెవరు? సగానికి తగ్గించుకోండి, రాత్రి పదింటికి ఫోన్ పక్కన పడేయండి, స్కూల్లో లీజర్ పీరియడ్ ఉంటే వాడుకోండి.

అత్తగారి సంగతి ఇప్పుడు ముట్టుకోవద్దు, ఆవిడ మాటలు ఉన్నవున్నట్టు రానివ్వండి, మార్చుకుంటూ కూర్చుంటే కథ కదలదు. డిసెంబర్‌లో ఊరు, ఇంటిపేరు, ఆవిడ ఊతపదం మార్చండి, కొంగు ముడిలో చిల్లర దాచుకునే అలవాటు లాంటివుంటే తీసేయండి, ఎందుకంటే ఆడపడుచులు ముందు పట్టేది అలాంటివే. కుదిరితే ఒకరోజు ఆయన్ని వెంటబెట్టుకుని శ్రీకాకుళంలో కథానిలయం చూసి రండి, కథలు రాసిన కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో తెలుగు కథల కోసం పెట్టిన లైబ్రరీ, మీకున్న ఈ పిచ్చి మనూళ్లలో ఇంకెంతమందికి ఉందో ఆయనకీ తెలుస్తుంది.

ఈలోగా వాయిస్ టైపింగ్ పగలు డాబా మీద చేసుకోండి, లవ్ సీన్లు మాత్రం చేత్తోనే టైప్ చెయ్యండి.