పల్లవి మళ్లీ వచ్చేసరికి కథ ఎక్కడుంది?

చిరంజీవికి,

మ్యూజిక్ వీడియోలోని కథనం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఏ దృశ్యం తర్వాత ఏ దృశ్యం వచ్చిందో ఒక్కటీ వదలకుండా చెప్పావు గానీ, అక్కడితో ఆగిపోయావు. ఆ కథను ఆ వరుసలోనే ఎందుకు చెప్పారు, ఆ పాట లేకపోతే ఆ కథ నిలబడేదా అని అడిగినప్పుడే విశ్లేషణ మొదలవుతుంది.

సినిమా దర్శకుడు తన కథకు ఎంత సమయం కావాలో తానే నిర్ణయించుకుంటాడు. మ్యూజిక్ వీడియో దర్శకుడి చేతికి మాత్రం పాట ముందే తయారై వస్తుంది. దాని నిడివి, పల్లవి ఎన్నిసార్లు రావాలి, లయ ఎక్కడ ఊపందుకోవాలి అన్నవన్నీ అప్పటికే ఖరారై ఉంటాయి. కథ ముందుకు సాగాలని చూస్తుంటే పల్లవి మొదటికే తీసుకొస్తూ ఉంటుంది. ఈ పెనుగులాటే ఈ ప్రక్రియకు ప్రాణమని నా నమ్మకం. అవే మాటలు రెండోసారి వినబడుతున్నప్పుడు తెర మీద ఏం మారిందో రాసుకో. కథ మలుపులు చాలావరకు అక్కడే దొరుకుతాయి.

కోల్డ్‌ప్లే బృందం పాట ‘ది సైంటిస్ట్’కు జేమీ త్రేవ్స్ 2002లో తీసిన వీడియోను ఈ దృష్టితో చూడు. అందులో కథంతా చివరి నుంచి మొదటికి నడుస్తుంది. పరుపు మీద పడుకుని పాడుతున్న గాయకుడు లేచి, వెనక్కి నడుస్తూ, వీధులూ చెట్లూ దాటి ఒక కారు దగ్గరికి చేరతాడు. చుట్టూ అంతా వెనక్కి జరుగుతున్నా అతని పెదవులు మాత్రం పాటతో కలిసే కదులుతాయి. అందుకోసం ఆ గాయకుడు క్రిస్ మార్టిన్ ఆ పాటను తిరగేసి పాడడం నేర్చుకున్నాడు. చాలామంది దీన్ని చమత్కారంగా చెప్పి వదిలేస్తారు, అది ఆ వీడియోకు అన్యాయం. పెదవులు కలవకపోతే అతను కూడా వెనక్కి నడిచే ఆ లోకంలో ఒకడైపోయేవాడు. కలిశాయి కనుకనే అతనొక్కడూ మన కాలంలో ఉండి, జరిగిపోయినదాన్ని తలచుకుంటున్నట్టు అనిపిస్తుంది. చివరికి కారు ప్రమాదం, దానికి ముందు పక్కసీటులోని స్త్రీ సీటుబెల్టు తీసిన క్షణం బయటపడతాయి. మామూలు వరుసలో చెబితే ‘తర్వాత ఏమవుతుంది’ అని చూసేవాళ్లం. ఇక్కడ ‘ఏం జరిగి ఉంటుంది’ అని చూస్తాం. జవాబు తెలిసే వేళకు ఆమె అతని పక్కన క్షేమంగా కూర్చుని ఉంటుంది, అందుకే ఆ దృశ్యాన్ని చూడడం అంత కష్టం. మొదటికి వెళ్లాలన్న కోరిక పాట మాటల్లోనే ఉంది. దృశ్యం ఆ కోరికను తీర్చి, తీరినా ప్రయోజనం లేదని చూపిస్తుంది.

మైఖేల్ జాక్సన్ పాటకు 1983లో జాన్ లాండిస్ తీసిన ‘థ్రిల్లర్’ దీనికి పూర్తిగా భిన్నం. దాదాపు 14 నిమిషాల ఆ వీడియోలో పాటే కథకు లొంగింది. చరణాలన్నీ వీధిలో నడుస్తుండగానే పాడించేసి, పల్లవిని ప్రేతాల నృత్యం దాకా దాచిపెట్టారు. మొదట్లో మనం అసలు కథ అనుకున్నది థియేటర్లో పాత్రలు చూస్తున్న సినిమా అని తేలుతుంది. ఆ తర్వాత కంటికి కనిపించే దేన్నీ పూర్తిగా నమ్మలేం.

దృశ్యం పాట మాటలను బొమ్మకట్టవచ్చు, వాటికి కొత్త అర్థం చేర్చవచ్చు, వాటిని అసలు పట్టించుకోకపోవచ్చు అని మ్యూజిక్ వీడియోలను అధ్యయనం చేసిన ఆండ్రూ గుడ్‌విన్ 1992లో వివరించాడు. ఈ విభజన పనికొస్తుంది, కానీ వీడియో మొత్తానికి ఒకే పేరు తగిలించకు. చరణం మారితే ఈ సంబంధమూ మారవచ్చు. గాయకుడి చూపునూ గమనించు. కెమెరాలోకి చూస్తున్నప్పుడు సాధారణంగా అతను మనకు కథ చెబుతున్నవాడు, చూపు తిప్పుకుంటే ఆ కథలోని మనిషి. ఈ మార్పు ఏ వాక్యం దగ్గర జరిగిందో నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

నువ్వు వ్యాసం రాసిన వీడియోను ఒకసారి శబ్దం లేకుండా చూసి, తర్వాత కళ్లు మూసుకుని పాట మాత్రమే విను. ఆపైన రెండో పల్లవి ఒక్కదాన్నే తీసుకుని, షాట్ ఎక్కడ మారిందో, అది తాళం మీద పడిందో తప్పిందో నిమిషాలు, సెకన్లతో సహా రాసి పంపు. మిగతా వ్యాసం సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.