పెట్రోలుకే సరిపోతోందన్నా!

ప్రశ్న: చిత్తూరు దగ్గర మండల విలేకరిని. లైన్ అకౌంట్ డబ్బులు (అచ్చయిన వార్తల లైన్లను లెక్కగట్టి పేపర్ ఇచ్చేవి) బండి పెట్రోలుకే చాలడం లేదు, పైగా పేజీలు తగ్గించి మనుషుల్ని తీసేస్తారని ఒకటే టెన్షన్. ఏం చెయ్యాలన్నా?

జవాబు: తమ్ముడూ, నీ భయం నిజమైనదే. చిత్తూరు నుంచి తిరుపతికి దాదాపు 70 కిలోమీటర్లు, లీటరుకు 50 ఇచ్చే బండి మీద పోయి రావాలన్నా లీటరు 100 దాటిన ఈ రోజుల్లో 300 దాకా అవుతుంది, అదీ ఒక్క ప్రెస్‌మీట్ కోసం! వేరే పేపర్ల మిత్రులతో కలిసి ఒకే బండిలో వెళ్లు, లేదా బస్సెక్కు. చిన్న వార్తలు ఫోన్‌లోనే తెప్పించుకో. ఉద్యోగం సంగతికొస్తే, ఐడీ కార్డు, బ్యాంకులో పడిన డబ్బుల వివరాలు, నీ వార్తల క్లిప్పింగులు ఇప్పుడే భద్రపరుచుకో, రేపు కార్మిక శాఖకు వెళ్లాల్సి వస్తే నువ్వు పనిచేశావనడానికి అవే ఆధారం. ఈ పని పోయినా ఇంకో దారి ఉండేలా వీడియో ఎడిటింగ్ నేర్చుకోవడం కూడా మొదలుపెట్టు. ముందు ఈ రాత్రే ఇంట్లో లెక్కలన్నీ చెప్పెయ్, ఒక్కడివే మొయ్యకు.