చెరువు మట్టి తోలిన ఇంటికి రేవు పూడిక కొత్తా?

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. ఓడరేవుల్లో తవ్వి తీసిన పూడికను మళ్లీ వాడుకునే రంగంలోకి పోతానంటోంది. సముద్రం మొహమే చూడనోళ్లం. బురద తోడే పనికి ఇంత చదువు కావాలా? – ఒక తండ్రి, హాలియా

జవాబు: మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు మీ దిక్కు చెరువుల దగ్గరా ట్రాక్టర్లు వరుస కట్టే ఉంటాయి. చెల్కకు బలం, చెరువుకు లోతు. మీ అమ్మాయి చెప్పేదీ ఆ పనే, కాకపోతే ఉప్పునీళ్లలో. చిక్కంతా అక్కడే. రేవు మట్టిని అట్లాగే తెచ్చి చేలో పోస్తే ఆ ఉప్పుకు పంట నిలవదు. పైగా ఓడల అడుగుకు పూసే రంగుల నుంచి వచ్చిన రాగి, ట్రైబ్యూటిల్ టిన్ (నాచు, గుల్లలు పట్టకుండా రంగులో కలిపే విషం) లాంటివి మెత్తటి బురదను పట్టుకొని ఉంటాయి.

చెరువు మట్టి గుప్పెడు సీసాలో వేసి, నీళ్లు పోసి కుదిపి చూడండి. ఇసుక వెంటనే అడుగుకు దిగుతుంది. బంకమట్టి తెల్లారినా తేలుతూనే ఉంటుంది. తవ్విన బురదను సముద్రంలో పారబోస్తే ఆ మురికి కమ్మి, వెలుతురు అందక సముద్రపు గడ్డి చస్తుంది. పారబోసిన చోట అడుగున బతికే నత్తలు, పురుగులు మట్టికింద పూడిపోతాయి. శుభ్రమైన ఇసుకైతే కథ వేరు: విశాఖ రేవులో తీసిన ఇసుకను కోతకు గురయ్యే ఆర్కే బీచ్‌కే పోస్తుంటారు.

ఏది తీరానికి పనికొస్తుంది, ఏది విడిగా కట్టడి చేయాలి అని తేల్చేది డ్రెడ్జర్ (పూడిక తవ్వే ఓడ) మీదున్నాయన కాదు, ల్యాబులో కెమిస్టు. పటిక, సున్నంతో తాగునీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పేరే ‘నల్గొండ టెక్నిక్’. నీళ్లను పరీక్షకు పంపడం మీ జిల్లా పిల్లలకు ఒకరు నేర్పాలా!

అందుకే డ్రెడ్జింగ్ పేరు పెట్టుకున్న ప్రైవేటు డిప్లొమాల జోలికి పోవద్దంటాను. కొచ్చిలోని కుసాట్‌ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ)లో ఎమ్మెస్సీ హైడ్రోకెమిస్ట్రీకి, అంటే నీళ్ల రసాయన శాస్త్రానికి, ప్రవేశ పరీక్ష రాయించండి. గోవా యూనివర్సిటీలోనూ సముద్ర శాస్త్రాలు ఉన్నాయి. తర్వాత విశాఖలోని ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం, చెన్నైలోని ఎన్‌సీసీఆర్ (జాతీయ తీర పరిశోధన కేంద్రం) లాంటి చోట్ల ప్రాజెక్టు కొలువులకు, పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పర్మనెంటు పోస్టులు తక్కువే, మొదట్లో గడువు పొడిగించుకుంటూ పోయే ఉద్యోగమే దొరకొచ్చు. ఇంట్లో ఆ మాట ముందే అనుకోండి.

ఫీజు కట్టే ముందు ఒకసారి ఏదైనా చేపల రేవుకు తీసుకెళ్లండి. కంపు కొట్టే బురదలో చెయ్యి పెట్టి నమూనా తీయడం తనకు పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.